నేల మీద ఉన్న చక్రం

ఆ బండ్ల వీధిలో ఆయన్ని పేరు పెట్టి పిలిచేవాళ్ళు ఎవరూ లేరు. చెవి మేస్త్రి అంటే చాలు, అడిగినవాళ్ళకు దారి చూపించేవారు. వెనక యాక్సిల్ మోగుతోందని ఎవరు బండి తెచ్చినా, విప్పకముందే లోపల ఏది అరిగిందో చెప్పేవాడు. దానికి ఆయన పద్ధతి ఒకటుంది. వెనక చక్రాల్లో ఒకదాన్ని జాకీతో లేపుతాడు. రెండోది నేల మీదే ఉంటుంది. లోపల ఒకరు కూర్చుని గేరు వేస్తే గాలిలో ఉన్న చక్రం తిరుగుతుంది, నేల మీద ఉన్నది కదలదు, బండి ఉన్నచోటే ఉంటుంది. ఆయన కిందికి దూరి, యాక్సిల్ మధ్యలో ఉబ్బెత్తుగా ఉండే గుండుకి పొడుగాటి స్క్రూడ్రైవరు మొన ఆనించి, కర్ర పిడి చెవికి పెట్టుకునేవాడు. కాసేపు కళ్ళు మూసుకుని, "పళ్ళచక్రాలు బాగానే ఉన్నాయి, కుడిపక్క బేరింగు పోయింది" అనేవాడు. విప్పి చూస్తే అదే.

ఎవరూ నేర్పింది కాదు. పాత సామాన్ల కొట్టులో తుప్పు పట్టిన యాక్సిళ్ళు విప్పి, బిగించి, మళ్ళీ విప్పి, ఏది ఎలా మోగితే ఏమిటో సొంతంగా పట్టుకున్నాడు. మాటకారి కాదు. గిరాకీ వచ్చి గంటల తరబడి చెప్తుంటే, "నువ్వు ఆగు, బండిని చెప్పనీ" అనేవాడు.

అలాంటి మనిషికి చెవులు పోయాయి. ఒక్కసారిగా కాదు, రంగు చొక్కా వెలిసినట్టు, ఎప్పుడు మొదలైందో తెలియకుండా. ముందుగా కనిపెట్టింది భార్య. వంటింట్లో కుళాయి ధారగా కారుతుంటే పక్కనే కూర్చుని పేపరు చదువుకుంటున్నాడు.

"ఆ కుళాయి కట్టరాదూ?" అందావిడ.

ఆయన తలూపాడు. లేవలేదు.

ఆవిడే వెళ్ళి కుళాయి కట్టి వచ్చి, ఆయన ఎదురుగా నిలబడింది. "నేనేమన్నాను?"

"చూద్దాంలే" అన్నాడు.

ఆవిడ బలవంతం మీద డాక్టరు దగ్గరకు వెళ్ళాడు. సుత్తుల మధ్య, ఇంజన్ల మధ్య బతికినందుకు నరం అరిగిపోయిందని, తిరిగి రాదని, చెవికి మిషను పెట్టుకోవచ్చని డాక్టరు చెప్పాడు. మిషను తెచ్చుకున్నాడు. షాపులో పెట్టుకుంటే మాటలూ సుత్తి దెబ్బలూ అన్నీ కలిసి రేకుల మీద వానలా కురిశాయి. తీసి బీరువా సొరుగులో పడేశాడు.

"పెట్టుకుంటే మీ సొమ్మేం పోయింది?" అంది భార్య.

"చెవి మేస్త్రి చెవిలో మిషనా? అది చూశాక నా దగ్గరికి బండి ఎవడు తెస్తాడు? షాపుకి తాళం వేసుకోవాల్సిందే. నువ్వు ఎవరి దగ్గరా నోరు జారకు. తమ్ముడి దగ్గర కూడా."

ఆవిడ నోరు జారలేదు.

ఒకరోజు బండి కింద పడుకుని, ఎంత ఆనించినా పిడిలోంచి ఏమీ వినపడక, కోపం పట్టలేక ఆ కర్ర పిడిని కసుక్కున కొరికాడు. పుర్రె మొత్తం మోగింది. బేరింగు గరగర, పళ్ళ రాపిడి, అన్నీ పాత రోజుల్లోలా దవడలోంచి ఎక్కి వచ్చాయి. అక్కడే, నూనె మరకల మీద వెల్లకిలా పడుకుని, ఏడ్చినంత పని చేశాడు. అప్పటినుంచి పళ్ళతో వినడం మొదలుపెట్టాడు.

"ఏం మేస్త్రీ, ఆకలేస్తోందా?" అని పక్క షాపు టైర్లతను వేళాకోళం చేసేవాడు. ఆ మాట పెదవుల కదలికలోనే తెలిసేది.

"పొద్దున్నుంచీ మీ చెత్త బండ్లే తిన్నాను. అరక్క చస్తున్నా" అనేవాడు. అందరూ నవ్వేవారు. బండ్ల సంగతి అలా గడిచిపోయింది. మనుషుల మాటలకు మాత్రం తలూపేవాడు. అర్థమైనా తలూపేవాడు, కాకపోయినా తలూపేవాడు. మెల్లగా అదే ఆయన తీరయిపోయింది. మేస్త్రి పెద్దమనిషి, ఎదురు చెప్పడు అనుకున్నారు జనం.

ఆయనకు ఒక్కడే తమ్ముడు. తల్లి పోయినప్పుడు వాడు ఇంకా నిక్కర్ల పిల్లాడు. అన్నే తండ్రీ తల్లీ అయి పెంచాడు. తమ్ముడికి ఒక పికప్ బండి ఉంది. ఊరి చివర ఎత్తు మీద ఉన్న ఇళ్ళకు గొట్టాల నీళ్ళు ఎక్కవు. డ్రమ్ముల్లో నీళ్ళు నింపుకుని రోజూ పైకి తోలడం వాడి పని. ఎండాకాలం పరవాలేదు. వాన పడితే ఆ దారి బంకమట్టి. ఒక వెనక చక్రం గాడిలో పడి గిర్రున తిరుగుతూ బురద చిమ్ముతుంటే, గట్టినేల మీద ఉన్న రెండోది అత్తారింటి అల్లుడిలా కాలు కదపకుండా కూర్చుంటుంది. పోయిన వానల్లో బండి అలాగే అడ్డంగా దిగబడి, పైన ఇళ్ళవాళ్ళు గుక్కెడు నీళ్ళకు కటకటలాడారు. ఈసారి కూడా బండి ఆగితే ట్రాక్టరువాడికి పని ఇచ్చేస్తామని తెగేసి చెప్పారు.

"అమ్మేస్తానన్నా" అన్నాడు తమ్ముడు, షాపు గుమ్మంలో కూలబడి. "గోడౌనులో వాచ్‌మన్ పని ఉందంట. టోపీ పెట్టుకుని కుర్చీలో కూర్చోవడమే. బురదా లేదు, గోలా లేదు."

పెదవులు చూస్తూ చాలావరకు పట్టుకున్నాడు మేస్త్రి. "నువ్వు కుర్చీలో కూర్చుంటే రెండో రోజుకే గురక పెడతావు. గోడౌను మొత్తం ఎత్తుకుపోతారు. నోరుమూసుకుని బండి ఇక్కడ పెట్టు. లిమిటెడ్ స్లిప్ వేద్దాం."

"అంటే?"

మేస్త్రి రెండు అరచేతులూ ఎదురెదురుగా పెట్టాడు. "యాక్సిల్ గుండులో మామూలు డిఫరెన్షియల్ ఉందే, అది బద్ధకపుది. ఏ చక్రం తేలిగ్గా తిరిగితే శక్తంతా దానికే పోస్తుంది. ఇందులో ప్లేట్లు ఉంటాయి, ఒకదాని మీద ఒకటి నొక్కుకుని." అరచేతులు గట్టిగా కలిపి రుద్దాడు. "ఒక చక్రం ఒంటరిగా ఎగరబోతే ఈ ప్లేట్లు రెండోదాన్ని కూడా చెయ్యి పట్టుకుని లాక్కెళ్తాయి. గాడిలో ఉన్నది జారినా గట్టినేల మీద ఉన్నది తోస్తుంది."

"ఇన్నాళ్ళూ చెప్పలేదేం?"

"నువ్వు అడిగావా?"

పాత సామాన్ల కొట్టులో అదే రకం బండిది ఒకటి దొరికింది. మేస్త్రి దాన్ని ఇంటికి తెచ్చి ప్లేట్లన్నీ విడదీసి, అరిగినవి మార్చి, కొత్త నూనెలో వేశాడు.

"ఏంటన్నా, బట్టల్లా నానబెట్టావు? రేపు ఉతుకుతావా?" అన్నాడు తమ్ముడు.

"పొడిగా బిగిస్తే మొదటి మలుపులోనే ఒకదాన్నొకటి కొరుక్కుంటాయిరా, నువ్వూ మీ ఆవిడా లాగా."

మర్నాడు పొద్దున్నే బండి వెనక భాగాన్ని స్టాండ్ల మీదికెత్తి పని మొదలుపెట్టాడు. నూనె దించాడు. రెండు వైపుల షాఫ్టులూ లాగి గోనెపట్టా మీద పెట్టాడు. బేరింగుల మీది మూతలు విప్పేముందు ఎడమదాని మీద ఒక గాటు, కుడిదాని మీద రెండు గాట్లు కొట్టాడు. అవి తారుమారైతే మళ్ళీ సరిగ్గా కూర్చోవు. పాత డిఫరెన్షియల్ దించి, దాని మీది పెద్ద పళ్ళచక్రాన్ని తీసి కొత్తదానికి ఎక్కించాడు. బోల్టులు ఒకటి అటు, ఒకటి ఇటు, ఎదురెదురుగా బిగించాడు. దాన్ని గుండులో కూర్చి, పళ్ళకు పసుపు రంగు పూసి, చేత్తో తిప్పి, ఒత్తిడి ఎక్కడ పడుతోందో చూశాడు. అచ్చు పళ్ళ అంచుకి పడింది. తల అడ్డంగా ఊపి, మొత్తం దించి, సన్నటి రేకు ఒకటి ఎడమ నుంచి కుడికి మార్చాడు. మళ్ళీ రంగు, మళ్ళీ తిప్పడం. ఈసారి అచ్చు పన్ను నడిమధ్యన, అద్దిన బొటనవేలి ముద్రలా పడింది. ఈ పనికి చెవులు అక్కర్లేదు. కళ్ళూ వేళ్ళూ చాలు. చాలా రోజుల తర్వాత ఆయన మొహంలో వెలుగు కనిపించింది.

"ఒకమాట చెవిన వేసుకో" అన్నాడు తమ్ముడితో, చేతులు తుడుచుకుంటూ. "ఇక మీదట ఈ బండికి ఒక్క చక్రం లేపి గేరు వేయకూడదు. మామూలు బండైతే నేల మీద చక్రం కదలదు. ఇది కదులుతుంది. జాకీ మీంచి దూకుతుంది. చూడాలంటే రెండు చక్రాలూ లేపి స్టాండ్ల మీద నిలబెట్టాల్సిందే."

"రెండూ లేపాలి. సరే."

"సరే కాదు, మళ్ళీ చెప్పు."

"ఒక్క చక్రం లేపి గేరు వేయకూడదు. బడిలో కూడా ఇన్నిసార్లు చెప్పించలేదన్నా నాతో."

"అందుకే ఇలా తయారయ్యావు."

మధ్యాహ్నానికి టైర్లతను కూడా తన పని ముగించాడు. బురదలో పట్టు కోసం లోతైన గాళ్ళున్న కొత్త టైర్లు తమ్ముడే పురమాయించాడు. స్టాండ్లు తీసి, బండి దించి, అన్నదమ్ములిద్దరూ రోడ్డు మీదికి తీసుకెళ్ళారు. మలుపుల్లో నున్నగా తిరిగింది. మేస్త్రి సీటు అంచు పట్టుకుని ఒంటితోనే బండిని చదువుతున్నాడు. అంతా బాగుంది.

సాఫీ రోడ్డు మీద వేగం పెరిగాక తమ్ముడు మొహం చిట్లించాడు. అన్న వైపు తిరిగి బిగ్గరగా అన్నాడు. "వెనకాల కూ అని మోత వస్తోందన్నా. స్పీడు పెరిగేకొద్దీ పెరుగుతోంది. వినపడుతోందా?"

ఆ మోత మేస్త్రికి వినపడలేదు. తమ్ముడి మాటైతే తెలిసింది. తలూపాడు.

ఒక్క ప్రశ్న అడిగి ఉంటే సరిపోయేది. యాక్సిలరేటరు వదిలితే మోత ఆగుతోందా, అలాగే ఉంటోందా? పళ్ళ మోతైతే కాలు తీయగానే మారుతుంది. ఆ ప్రశ్న ఆయన ఎందరో డ్రైవర్లను అడిగాడు. ఇప్పుడు అది నాలుక చివరిదాకా వచ్చింది. కానీ వినపడుతోందని తలూపిన మనిషి ఆ ప్రశ్న ఎలా అడుగుతాడు? తనే వినాలి కదా! 

"షాపుకి పోనీ. చూస్తా" అన్నాడు.

దారి పొడుగునా అదే ఆలోచన. నడిమధ్యన పడిన ఆ పసుపు అచ్చు తప్పా? వేళ్ళు కూడా మోసం చేశాయా? ఇది చెడితే తమ్ముడి బండి పోతుంది. వాడు టోపీ పెట్టుకుని గోడౌను గేటు దగ్గర కూర్చుంటాడు. మేస్త్రి పని అయిపోయిందని వీధంతా అంటుంది. వినాలి. ఎలాగైనా వినాలి. ఆ ఒక్క ఆత్రమే మనిషిని నడిపించింది. పొద్దున తన నోటితో తను చెప్పిన మాట ఏమైపోయిందో, ఇన్నేళ్ళ అలవాటు చేతుల్లోకి వచ్చి కూర్చుంది. జాకీ లాగాడు. కుడిచక్రం లేపాడు. స్క్రూడ్రైవరు అందుకున్నాడు. ఎప్పటిలాగే ఎడమవైపు నుంచి, కదలని చక్రం వైపు నుంచి కిందికి దూరాడు. పిడిని పళ్ళ మధ్య పట్టి మొనను గుండుకి ఆనించాడు. కుడి అరచేతిని ఎడమచక్రం ముందర నేలకు ఆనించి ఒళ్ళు నిలదొక్కుకున్నాడు. అక్కడ పెట్టిన చేతికి ఇన్నేళ్ళలో ఎన్నడూ ఏమీ కాలేదు.

ఎడమచేత్తో చాసిస్ మీద తట్టాడు. గేరు వెయ్యమని అది ఆయన గుర్తు.

పైన డ్రైవరు సీట్లో తమ్ముడి చెయ్యి ఒక్క క్షణం ఆగింది. తర్వాత గేరు పడింది.

మోత కోసం ఒళ్ళంతా చెవి చేసుకుని ఉన్న మేస్త్రికి ముందు వినిపించింది ప్లేట్లు పట్టుకున్న శబ్దం. గట్టిగా, శుభ్రంగా, ఏ కొరతా లేకుండా పట్టుకున్నాయి. తను కూర్చినట్టే. నేల మీద ఉన్న చక్రం ముందుకు నడిచింది.

బండి జాకీ మీంచి ఎగిరి వెళ్ళి పనిబల్లకు కొట్టుకుని ఆగిపోయింది. మేస్త్రి అరుపు అందరికీ వినిపించింది, ఆయనకు తప్ప.

కుడిచేతిలో బొటనవేలూ చిటికెనవేలూ మిగిలాయి. మధ్య మూడూ తీసేయక తప్పదన్నారు. మెలకువ వచ్చినప్పుడు మంచం పక్కన భార్య ఉంది. ఆవిడ ఏదో అంటోంది. ఆయన తలూపాడు. ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని మొహం తిప్పుకుంది.

షాపు శుభ్రం చేయడానికి తమ్ముడు వెళ్ళాడు. బల్ల కింద స్క్రూడ్రైవరు దొరికింది. నెత్తురు తుడుద్దామని వెలుతురులోకి తెచ్చి చూస్తే కర్ర పిడి నిండా పంటి గాట్లు. కొత్తవి, పాతవి, ఒకదాని మీద ఒకటి, కుక్కపిల్ల కొరికిన చెప్పులా. అన్న వేళాకోళానికి కొరుకుతాడనుకున్నాడు ఇన్నాళ్ళూ. వాడు దాన్ని పట్టుకుని నిలబడి ఉండగా టైర్లతను వచ్చాడు.

"అసలు మోతేంటి? ఎలా వచ్చింది?"

తమ్ముడు చెప్పాడు.

"కాలు తీస్తే ఆగిందా?"

"లేదు. అలాగే ఉంది."

టైర్లతను నెత్తి మీద చెయ్యి పెట్టుకున్నాడు. "అవి టైర్లు బాబూ! అంత లోతు గాళ్ళు నున్నటి రోడ్డు మీద పాడతాయి మరి. మీ అన్నకు తెలియని సంగతా ఇది? పది బజార్ల అవతల నుంచి చెప్తాడే!"

తమ్ముడు స్క్రూడ్రైవరుతో సహా ఆస్పత్రికి వచ్చాడు. దాన్ని దుప్పటి మీద పెట్టి, మంచం పక్కనే నిలబడ్డాడు. అన్న కళ్ళు పిడి మీద పడ్డాయి.

"టైర్ల మోతంట" అన్నాడు తమ్ముడు, నెమ్మదిగా, ఒక్కో మాటా పెదవులతో చెక్కుతూ. చెవుల సంగతి వదిన అప్పటికే చెప్పేసిందని ఆ మాట తీరులోనే తెలిసిపోయింది.

మేస్త్రి ఆ పిడిని దుప్పటి మడత కిందికి తోశాడు. చివరికి, "డిఫరెన్షియల్ బాగుందా?" అన్నాడు.

"భేషుగ్గా ఉంది."

"నాకు వినపడలేదురా."

"మరి తల ఎందుకు ఊపావన్నా?"

 తమ్ముడు కాళ్ళవైపుకు వెళ్ళి కింద కూర్చున్నాడు. మంచం పట్టీ మీద తల ఆనించాడు. తల వంచి అన్నందువల్ల ఆ తర్వాతి మాట మేస్త్రికి అందలేదు. పక్కన ఉన్న భార్యకు అందింది. అది విని ఆవిడ గోడకు చేరగిలబడిపోయింది. ఆయన పట్టుబట్టి అడిగితే, చెవి దగ్గర నోరు పెట్టి ఉన్నదున్నట్టు చెప్పింది.

"ఒక్క చక్రమే లేపారని వాడికి గుర్తొచ్చిందట. గేరు మీద చెయ్యి ఆగిందట కూడా. అన్నకు తెలియదా, ఏదో ఉండే ఉంటుంది అనుకుని వేశాడట."

మేస్త్రి ఎడమచేత్తో తమ్ముడి తల నిమరబోయాడు. చెయ్యి అందలేదు. వాడు దగ్గరికి జరగలేదు.

వానలు మొదలయ్యాయి. ఒక ఉదయం పికప్ వచ్చి ఇంటి ముందు ఆగింది. వెనక డ్రమ్ములు నిండుగా ఉన్నాయి. తమ్ముడు దిగి, మాట్లాడకుండా, చెయ్యి పట్టుకుని ముందు సీట్లో ఎక్కించాడు. ఎత్తు దారి మొదట్లోనే ట్రాక్టరు ఒకటి ఇరుసుదాకా దిగబడి ఉంది. దాని పక్కనుంచి పికప్ మట్టిలోకి దిగింది. కుడిచక్రం గాడిలో జారింది. జారిన మరుక్షణం ఎడమది పట్టుకుంది. మేస్త్రికి సీటులోంచి, వెన్నులోంచి అంతా తెలుస్తోంది. రెండు చక్రాలూ కాడికి కట్టిన జోడెద్దుల్లా లాగుతున్నాయి. ఎక్కడా కొట్టుకోవడం లేదు, తడబాటు లేదు. తన చేతుల మీదుగా ఇంతకన్నా మంచి పని ఎప్పుడూ జరగలేదు. ఆ సంగతి ఆయనకు ఖాయంగా తెలుసు. ఇక జరగదనీ తెలుసు.

పైన ఆడవాళ్ళు బిందెలతో ఎదురొచ్చారు. తమ్ముడు బండి ఆపి, వాళ్ళను చూసి, అద్దం మీద కారే నీళ్ళ వైపు చూస్తూ ఏదో అన్నాడు.

మేస్త్రి తలూపాడు.

తమ్ముడు చటుక్కున తిరిగాడు. "నేనేం అడిగాను?"

మేస్త్రి పెదవులు చూశాడు. ఆ మాట అర్థమైంది.  కట్టు కట్టిన చేతిని ఒళ్ళో ఇంకొంచెం లోపలికి లాక్కున్నాడు.

తమ్ముడు వంగి, ఆయన చెవికి నోరు ఆనించి, గట్టిగా, ఒక్కో మాటా విడదీసి అన్నాడు. "షాపుకి తాళం వేసేద్దామా అన్నా, అని అడిగాను."

వెనకాల డ్రమ్ముల్లోంచి బిందెల్లోకి నీళ్ళు పడుతున్నాయి. ఆ చప్పుడు ఆయనకు లేదు. ఈ మాట మాత్రం పూర్తిగా వినపడింది.  మళ్ళీ తలూపాడు.